కాలూ చెయ్యీ సరే... మనసు సంగతి?

పక్షవాతం వచ్చిన మనిషి ఆస్పత్రి నుంచి తిరిగొస్తే ఇల్లే ఓ చిన్న ఆస్పత్రి అయిపోతుంది. హాల్లో మంచం పడుతుంది. మూలన వాకరు చేరుతుంది. బాత్‌రూమ్ గోడకు పట్టుకోవడానికి కడ్డీ బిగిస్తారు. రోజూ పొద్దున్నే ఫిజియోథెరపిస్టు వచ్చి చెయ్యి లేపిస్తాడు, కాలు మడిపిస్తాడు. పలకరించడానికొచ్చే చుట్టాలదీ ఇరుగుపొరుగుదీ ఒకటే ప్రశ్న... 'చెయ్యి ఎంతవరకు లేస్తోంది? నాలుగడుగులు వేస్తున్నారా?' బీపీ ఎంత, షుగరెంత, ఏ మాత్ర ఏ వేళకి... అన్నిటికీ ఓ కాగితం, ఓ లెక్క.

లెక్కలోకి రానిది ఒకటుంటుంది. మొదటి నెలా రెండు నెలలూ పట్టుదలగా వ్యాయామాలు చేసిన మనిషి ఆ తర్వాత గోడవైపు తిరిగి పడుకోవడం మొదలుపెడతాడు. టీవీ పెడితే చూడడు, కట్టేస్తే ఎందుకు కట్టేశారని అడగడు. ఇష్టమైన గోంగూర పచ్చడి వేసినా రెండు ముద్దలతో సరి. ఫిజియోథెరపిస్టు వస్తే 'రేపు రమ్మనండి' అంటాడు. మనవరాలు వచ్చి మంచం మీద ఎక్కి కూర్చున్నా మొహంలో మార్పు ఉండదు. ఇంట్లోవాళ్లు దీనికి తలా ఓ పేరు పెడతారు. మొండితనం అంటాడు కొడుకు. బద్ధకం అంటాడు తమ్ముడు. వయసు మీద పడింది కదా అంటుంది పక్కింటి పిన్నిగారు. భార్య ఏమీ అనదు, దేవుడికి ఇంకో మొక్కు మొక్కుకుంటుంది.

డాక్టర్లు పెట్టిన పేరు వేరే ఉంది... 'పోస్ట్ స్ట్రోక్ డిప్రెషన్'. అంటే పక్షవాతం తర్వాత వచ్చే కుంగుబాటు. ఇది అరుదైనదేమీ కాదు. ఎన్నో దేశాల్లో జరిగిన అధ్యయనాలన్నీ కలిపి చూస్తే పక్షవాతం బారిన పడ్డవాళ్లలో దాదాపు ముగ్గురిలో ఒకరికి ఇది వస్తోంది. అందులోనూ మొదటి ఏడాదిలో ముప్పు ఎక్కువ. దీనికి చికిత్స ఉంది. మందులే కాదు, మాటలతో చేసే చికిత్స కూడా! పైగా ఇప్పుడు దానికోసం మనిషిని కారెక్కించి నగరానికి తీసుకెళ్లాల్సిన పని కూడా లేదు. ఫోను తెర మీదే నిపుణులు మాట్లాడతారు. కాకపోతే ఆ మాటలు పనిచేయాలంటే ఇంట్లోవాళ్లు చేయాల్సింది ఒకటుంది. అది చాలామందికి కష్టంగానే అనిపిస్తుంది.

చెయ్యి పడిపోతే దిగులుండదా?

'చెయ్యి పడిపోయిన మనిషికి దిగులు ఉండక ఏముంటుంది, అదీ ఓ జబ్బేనా?' అని తీసిపారేసేవాళ్లు ఉన్నారు. ఆ అనుమానం డాక్టర్లకూ వచ్చింది. 1977లో అమెరికాలో ముగ్గురు పరిశోధకులు ఓ చిన్న పోలిక చేసి చూశారు. ఒకవైపు పక్షవాతం వచ్చిన 20 మంది. మరోవైపు ఎముకలు, కీళ్ల సమస్యలతో దాదాపు అంతే కదల్లేని స్థితిలో ఉన్న 10 మంది. ఇబ్బంది ఇద్దరికీ సమానమే కదా, దిగులూ సమానంగా ఉండాలి. ఉందా? లేదు. ఎముకల రోగుల్లో పదిమందిలో ఒకరికి కుంగుబాటు ఉంటే, పక్షవాతం రోగుల్లో సగానికి కొంచెం తక్కువ మందికి ఉంది. అధ్యయనం చిన్నదే అయినా అది లేవనెత్తిన ప్రశ్న పెద్దది. ఇది చెయ్యి పోయినందుకు పడే దిగులు మాత్రమే కాదు, మెదడు దెబ్బతినడం వల్ల కూడా మనసు కుంగుతుందన్నమాట. మెదడులో ఏ భాగం దెబ్బతింటే కుంగుబాటు వస్తుందన్న విషయమ్మీద తర్వాత బోలెడు వాదాలు నడిచాయి. ఒకప్పుడు ఎడమవైపు ముందుభాగం అన్నారు. తర్వాతి సమీక్షల్లో ఆ లెక్క నిలబడలేదు. మెదడుకు తగిలిన దెబ్బ, పోయిన ఉద్యోగం, ఇతరుల మీద ఆధారపడాల్సి రావడం, అంతకుముందు ఎప్పుడైనా కుంగుబాటు వచ్చి ఉండటం... అన్నీ కలిసే మనిషిని కిందకి లాగుతాయి.

దీన్ని వదిలేస్తే జరిగే నష్టం దిగులుతో ఆగదు. కుంగిన మనిషి వ్యాయామం చేయడు. వ్యాయామం లేకపోతే చెయ్యీ కాలూ కోలుకోవాల్సినంత కోలుకోవు. రక్తం గడ్డకట్టకుండా వాడే మాత్రలు, బీపీ మాత్రలు సరిగా వేసుకోడు. తిండి, నిద్ర దెబ్బతింటాయి. పక్షవాతం తర్వాత కుంగుబాటు ఉన్నవాళ్లలో మరణాల ముప్పు ఎక్కువేనని అధ్యయనాలు చెబుతున్నాయి. కొడుకు మొండితనం అనుకుంటున్నది నిజానికి ప్రాణం మీదికి వచ్చే సంగతి!

ఎలా గుర్తుపట్టాలి? రెండు ప్రశ్నలతో మొదలుపెట్టొచ్చు. ఇదివరకు ఇష్టంగా చేసిన పనుల మీద ఆసక్తి పోయిందా? రోజులో ఎక్కువసేపు దిగులుగా, ఆశ లేనట్టుగా ఉంటున్నారా? ఈ రెంటిలో ఏదైనా రెండు వారాలకు పైగా ఉంటే డాక్టరుకు చెప్పాల్సిందే. ఇక్కడో తిరకాసు ఉంది. కొందరు పక్షవాతం తర్వాత చిన్నమాటకే భోరుమంటారు, టీవీలో పెళ్లి చూసినా ఏడుస్తారు, నిమిషంలో ఆగిపోతారు. అది భావోద్వేగాల మీద మెదడుకు పట్టు తప్పడం వల్ల వచ్చే ఏడుపు. కుంగుబాటు కాకపోవచ్చు. మరోపక్క, ఒక్క కన్నీటి చుక్కైనా రాల్చకుండా లోలోపల కుంగిపోయేవాళ్లూ ఉంటారు. ఏడుపును బట్టి తేల్చేయడం పొరపాటు.

మరి మాటే పడిపోయినవాళ్ల సంగతి? వాళ్లను ప్రశ్నలడిగి లాభం లేదు. అందుకే ఇంగ్లాండులోని నాటింగ్‌హామ్ పరిశోధకులు 1998లో రోగిని కాకుండా దగ్గరుండి చూసేవాళ్లను అడిగే ప్రశ్నావళి తయారుచేశారు. ఏడుస్తున్నారా, కళ్లలోకి చూడకుండా మొహం తిప్పుకుంటున్నారా, తినడానికి నిరాకరిస్తున్నారా, ఏమీ చేయకుండా అలా కూర్చుండిపోతున్నారా... ఇలాంటివి. రోజంతా పక్కనుండే భార్యకో కోడలికో వీటికి జవాబు తెలియకుండా ఉండదు. అడిగేవాళ్లే లేరు.

మాత్ర ఉంది, కానీ...

కుంగుబాటుకు మందులున్నాయి. అవసరమైనవాళ్లకు అవి ఇవ్వాల్సిందే, డాక్టరు రాసిన మందును మధ్యలో సొంతంగా ఆపేయకూడదు. కాకపోతే ఆ మధ్య డాక్టర్లు ఓ ఆశ పెట్టుకున్నారు. కుంగుబాటు ఉన్నా లేకపోయినా పక్షవాతం వచ్చిన ప్రతి ఒక్కరికీ ముందుగానే ఫ్లూఆక్సెటిన్ మాత్ర ఇచ్చేస్తే చెయ్యీ కాలూ కూడా తొందరగా కోలుకుంటాయేమోనని. బ్రిటన్‌లో 3,127 మంది మీద ఆరు నెలల పాటు పరీక్షించి 2018లో ఫలితాలు ప్రకటించారు. చెయ్యీ కాలూ కోలుకోవడంలో తేడా ఏమీ లేదు. కుంగుబాటు కొత్తగా వచ్చినవాళ్లు కాస్త తగ్గారు, నిజమే. కానీ ఎముకలు విరిగినవాళ్లు ఉత్తుత్తి మాత్ర వేసుకున్న గుంపులో 23 మంది ఉంటే అసలు మాత్ర వేసుకున్నవాళ్లలో 45 మంది. స్వీడన్‌లోనూ, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, వియత్నాంలలోనూ జరిగిన పరీక్షలు 2020లో ఇంచుమించు ఇదే చెప్పాయి. అసలే తూలిపోయే మనిషికి తుంటి ఎముక విరిగితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. కాబట్టి అందరికీ ముందు జాగ్రత్తగా మాత్ర అన్న ఆలోచన పక్కకుపోయింది. మాటలతో చేసే చికిత్స మీద దృష్టి మరింత పెరిగింది.

ఆ దారి కూడా ఏమీ పూలబాట కాదు. 2003లో బ్రిటన్‌లోనే 123 మంది పక్షవాత రోగుల మీద కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీని పరీక్షిస్తే ఫలితం రాలేదు. ఊరికే వచ్చి కబుర్లు చెప్పి వెళ్లిన గుంపుకీ దీనికీ తేడా కనిపించలేదు. నాలుగేళ్ల తర్వాత 411 మంది మీద జరిగిన ఇంకో పరీక్షలో మాత్రం, పక్షవాతం వచ్చిన నెలలోపే మొదలుపెట్టి గరిష్ఠంగా నాలుగుసార్లు మాట్లాడితేనే మూడు నెలలకు మనసు తేలికపడినవాళ్లు ఎక్కువమంది కనిపించారు. మాట సరిగా రాని 105 మంది మీద చేసి 2013లో ప్రకటించిన పరీక్షలోనూ, వాళ్లకు తగ్గట్టు మార్చిన చికిత్స పనిచేసింది. ఇంగ్లాండులో ప్రభుత్వమే నడిపే మాటల చికిత్స కేంద్రాలకు వచ్చిన 7,500 మందికి పైగా పక్షవాత బాధితుల రికార్డులను లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు తిరగేసి 2023లో ఓ సంగతి చెప్పారు. చికిత్సతో చాలామంది మెరుగుపడ్డారు. అయితే జబ్బు వచ్చిన ఆరు నెలల్లోపు మొదలుపెట్టినవాళ్లు పూర్తిగా కోలుకున్నంతగా ఏడాది దాటాక వచ్చినవాళ్లు కోలుకోలేదు. అంటే 'కాస్త నడక రానివ్వండి, తర్వాత మనసు సంగతి చూద్దాం' అనుకునే ఇల్లు విలువైన నెలలు పోగొట్టుకుంటోందన్నమాటే.

తెర మీద మాస్టారు

ఇంతకీ మాటలతో ఏం చేస్తారు? 'ధైర్యంగా ఉండండి, అంతా మంచే జరుగుతుంది' అంటారా? అది పలకరించడానికొచ్చే బంధువులు రోజూ అంటున్నదే. దానికి నిపుణులు ఎందుకు!

ఓ రిటైర్డు లెక్కల మాస్టారిని ఊహించుకోండి. ఉండేది తెనాలిలో. కుడి చెయ్యి పడిపోయింది, మూతి కాస్త వంకరపోయింది, మాట ముద్దగా వస్తోంది. మెట్లు దిగడమే గండం, ఇక నిపుణుల కోసం గుంటూరో విజయవాడో వారం వారం వెళ్లడం అయ్యే పనేనా? వెళ్లాలంటే కారు కావాలి, తోడు ఇద్దరు కావాలి, కొడుకు సెలవు పెట్టాలి. రెండోసారికే 'నా కోసం ఇంత హైరానా ఎందుకురా' అనేస్తారు మాస్టారు. అదే ఫోనులో అయితే వారానికో ముప్పావుగంట, మంచం పక్క కుర్చీలో కూర్చుంటే చాలు.

మొదటిరోజు క్లినికల్ సైకాలజిస్టు ఆయన్ని 'ఎందుకు బాధపడుతున్నారు?' అని అడగదు. 'మాస్టారూ, ఇదివరకు మీ రోజు ఎలా గడిచేదండీ?' అంటుంది. ఆయన ముక్కలు ముక్కలుగా చెబుతారు. పొద్దున్నే పేపరు, కాఫీ. సాయంత్రం గుడి అరుగు మీద స్నేహితులతో కబుర్లు. ఆ తర్వాత ఇద్దరు పిల్లలకు లెక్కలు. మరి ఇప్పుడు? ఏదీ లేదు. పేపరైనా చదవచ్చు కదా? 'ఎందుకమ్మా ఇంక'. స్నేహితులు రాలేదా? వచ్చారు. పడుకున్నానని చెప్పించి పంపేశారు. 'ఈ వంకర మూతితో వాళ్ల ముందు కూర్చోనా?'

ఆ చివరి మాట దగ్గర ఆగుతుంది ఆవిడ. వాళ్లు నిజంగా నవ్వుతారా, లేక నవ్వుతారని మీకనిపిస్తోందా? తెలియదు. అయితే తెలుసుకుందాం... నలుగురూ వద్దు, ఒక్కరే. గుడి దాకా వద్దు, ఇంట్లోనే. గంట వద్దు, పది నిమిషాలు. ఆయన వచ్చేముందు మీ మనసు ఎలా ఉందో పదికి ఓ మార్కు వేసుకోండి, వెళ్లాక మళ్లీ వేసుకోండి. లెక్కల మాస్టారు కదా, మార్కులంటే కాదనలేరు! రెండు, వెళ్లాక నాలుగు... ఇలా వస్తే ఆ రెండు మార్కుల తేడా గురించే తర్వాతి వారం మాట్లాడతారు. రెండు వారాలు ఏమీ చేయకుండా గడిపేసినా ఆవిడ చీవాట్లు పెట్టదు. పనిని ఇంకా చిన్నది చేస్తుంది. మొదట పేపర్లో ఒక్క హెడ్డింగు. కుంగిన మనిషి ఉత్సాహం వచ్చాక పని చేద్దామనుకుంటాడు, ఆ ఉత్సాహం రాదు. ముందు పని చేస్తే ఉత్సాహం వెనకొస్తుందన్నది ఈ పద్ధతి. దీన్నే బిహేవియరల్ యాక్టివేషన్ అంటారు.

కొన్ని దుఃఖాలు మాత్రం అపోహలు కావు. 'నేనిక బోర్డు మీద రాయలేను' అని మాస్టారంటే అది నిజమే కావచ్చు. మామూలు కుంగుబాటులో చేసినట్టు ఆ ఆలోచన తప్పని వాదిస్తే ఆయనకు ఒళ్లు మండుతుంది. పక్షవాతం రోగులతో పనిచేసి ఆరితేరిన నిపుణులు ఇక్కడ వాదించరు. పోయినదానికి ఏడవనిస్తారు. ఆ తర్వాత, రాయడం పోయింది సరే... చెప్పడం ఉందిగా? పక్కింటి పిల్లాడు పుస్తకం పట్టుకుని కూర్చుంటే నోటితో ఒక్క లెక్క చెప్పగలరా? అని అడుగుతారు. ముద్దమాట అయినా ఆ పిల్లాడికి అర్థమవుతుంది. వాడికి లెక్క వస్తే చాలు.

పక్షవాతం రోగికి పాఠం చెప్పే తీరు వేరు

ఆన్‌లైన్ కౌన్సెలింగ్ ఇచ్చేవాళ్లందరికీ ఇది చేతకాదు. పక్షవాతం చెయ్యీ కాలునే కాదు, ధ్యాసనూ జ్ఞాపకాన్నీ కూడా కొరుక్కుతింటుంది. గంటసేపు గుక్కతిప్పుకోకుండా మాట్లాడితే అరగంటకే అలిసిపోతారు. కాబట్టి అరగంట, లేదంటే మధ్యలో ఐదు నిమిషాల విరామం. ఒకసారి ఒకే ప్రశ్న, జవాబుకు తొందరపెట్టకుండా ఆగడం, చివర్లో ఆరోజు అనుకున్నది రెండే రెండు ముక్కలుగా రాసి వాట్సాప్‌లో పంపడం. మాట పడిపోయినవాళ్లకైతే బొమ్మల కార్డులు, 'అవును-కాదు' అట్టలు, దిగులు నుంచి నవ్వు దాకా మొహాల వరస ఉన్న కాగితం. వేలితో చూపిస్తే చాలు.

మెదడు కుడిభాగం దెబ్బతిన్న కొందరికి తమ ఎడమవైపు ప్రపంచం ఉన్నట్టే తెలియదు. కంచంలో ఎడమ సగం అన్నం అలాగే వదిలేస్తారు. అలాంటివాళ్లకు తెర మీద ఎడమపక్క ఏం చూపించినా దండగే. ఫోనును కాస్త కుడివైపుకి జరిపి పెడితే మాట్లాడే మనిషి మొహం కనిపిస్తుంది. ఎందుకు తలతిప్పి చూడటం లేదో తెలియక 'నాన్నగారికి ఇష్టంలేదు' అనుకునే ఇళ్లున్నాయి మరి!

ఒంటి చేత్తో ఫోను పట్టుకుని అదే చేత్తో బటన్లు నొక్కడం కుదరదు. అందుకని ఓ స్టాండు కావాలి. ట్యాబ్ ఉంటే ఇంకా మంచిది. వెలుతురు మొహం మీద పడేలా కూర్చోబెడితే పెదాల కదలికను బట్టి ముద్దమాట కూడా నిపుణులకు అర్థమవుతుంది. మామూలు ఫోను కంటే వీడియో మేలనేది ఇందుకే. నెట్ పోతే మామూలు కాల్ చేయడానికి ముందే ఒప్పుకొని ఉండాలి. చిరాకు తగ్గుతుంది.

తలుపు వేయండి

ఇక ఆ కష్టమైన పని. గదిలోంచి బయటికి రండి!

తెలుగిళ్లలో డాక్టరు అడిగిన ప్రశ్నకు రోగి జవాబు చెప్పడం తక్కువే. 'నిద్ర పడుతోందా?' అంటే, 'బాగానే పడుకుంటారండీ' అని భార్య చెబుతుంది. 'ఆకలి?' అంటే 'నిన్న రెండు ఇడ్లీలు తిన్నారు' అని కోడలు అందుకుంటుంది. ఫోను స్పీకర్లో ఉంటుంది, అమెరికాలో ఉన్న అమ్మాయి కాన్ఫరెన్సులో కలుస్తుంది. అందరికీ ఆయనంటే ప్రాణమే. ఆ ప్రాణమే అడ్డం. నలుగురూ చుట్టూ కూర్చుని 'మనసులో ఏముందో చెప్పండి' అంటే ఏ మనిషి చెబుతాడు? పక్క తడిసినప్పుడు కోడలు దుప్పటి మారుస్తుంటే పడే సిగ్గు, ఆస్పత్రి బిల్లుకు అమ్మేసిన స్థలం గురించిన బాధ, మళ్లీ స్ట్రోక్ వస్తుందేమోనని రాత్రిళ్లు పట్టే చెమటలు, భార్యాభర్తల మధ్య ఆగిపోయిన దగ్గరితనం... ఇవేవీ కొడుకూ కోడళ్ల ముందు బయటికి రావు. అన్నిటికంటే ముఖ్యంగా, 'నేను పోతే వీళ్లకు పీడ వదులుతుంది' అన్న మాట రాదు. చికిత్స చేసేవాళ్లు తప్పనిసరిగా వినాల్సిన మాట అదే!

ఓ పద్ధతి పెట్టుకోవచ్చు. కాల్ కలిపి, స్టాండు సరిచేసి, మొదటి ఐదు నిమిషాలు ఇంట్లోవాళ్లు తాము చూసినవి చెప్పాలి. తర్వాత ఇయర్‌ఫోను పెట్టి, తలుపు దగ్గరగా వేసి బయటికి రావాలి. పిలవడానికి పక్కన గంటో గ్లాసో ఉంచాలి. చివరి ఐదు నిమిషాలు మళ్లీ లోపలికి. ఒకే గది ఇల్లయితే ఆ అరగంటా వాకిట్లో కూర్చోవాలి. బయటికొచ్చాక 'ఏం చెప్పారు, మా గురించి ఏమన్నారు?' అని ఆరా తీయకూడదు. మాట రానివాళ్ల విషయంలో పక్కన ఒకరు ఉండక తప్పదు. అప్పుడు కూడా ఆ ఒకరు ఎవరన్నది రోగే ఎంచుకోవాలి. కార్డు చూపించడం వరకే వాళ్ల పని, జవాబు చెప్పడం కాదు.

చావు మాట వస్తే? అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది భయపడతారు. అడగడం వల్ల ఆ ఆలోచన పుట్టదు. లోపల ఉన్నది బయటపడుతుంది. ఆ మాట విన్నాక మనిషిని ఒంటరిగా వదలకూడదు. మాత్రల డబ్బాలు, పురుగుమందులు అందకుండా తీసేయాలి, వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. అందుకే మంచి నిపుణులు మొదటిరోజే ఇంటి చిరునామా, ఇంట్లో మరొకరి నంబరు, దగ్గర్లోని ఆస్పత్రి పేరు రాసుకుంటారు. ఇవి అడగకుండా మొదలుపెట్టేవాళ్లని కాస్త అనుమానించొచ్చు.

ఎక్కడ దొరుకుతారు?

మొదటి మెట్టు ఎవరికైనా అందుబాటులో ఉంది. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలి మానస్. నంబరు 14416. ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. మొదట శిక్షణ పొందిన కౌన్సెలర్లు, అవసరమైతే ఆపైన మానసిక వైద్యులు. అయితే ఇది పక్షవాతం రోగుల కోసమే పెట్టింది కాదు, వారం వారం అదే మనిషి మాట్లాడే చికిత్సా కాదు. దారి చూపించే గుమ్మం అనుకోవాలి. ఆ తర్వాత ఓ క్లినికల్ సైకాలజిస్టును వెతుక్కోవాలి. రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్ట్రేషను ఉందా అని మొహమాటపడకుండా అడగండి. పక్షవాతం వచ్చినవాళ్లకు ఇంతకుముందు చికిత్స చేశారా, తెలుగులో చేస్తారా అన్నది కూడా. ఇంగ్లిషులో ఉద్యోగం చేసిన మనిషైనా దుఃఖం అమ్మభాషలోనే వస్తుంది. మీ న్యూరాలజిస్టునూ ఓ మాట అడగండి. కొన్ని పెద్దాస్పత్రుల రిహాబిలిటేషన్ విభాగాల్లో ఇలాంటివాళ్లు ఉంటారు. కానీ అడగనిదే చెప్పేవాళ్లు తక్కువ.

మనిషి లేకుండా యాప్ ఒక్కటే చేసే చికిత్సలూ వచ్చాయి. కుంగుబాటు ఎక్కువగా ఉన్నవాళ్లలో, వెనక నిపుణులు ఉండి నడిపించే ఆన్‌లైన్ చికిత్సే ఒంటరి యాప్‌ల కంటే మెరుగ్గా పనిచేస్తోందని పరిశోధనలు చెబుతున్నాయి. ఇక పక్షవాత రోగుల్లోనే ప్రత్యేకంగా తెర మీది చికిత్సను పరీక్షించిన పెద్ద అధ్యయనాలు ఇంకా తక్కువే. అందువల్ల 'ఆన్‌లైన్లో వంద శాతం గ్యారంటీ' అన్న ప్రకటన ఎక్కడ కనిపించినా ఆ నంబరుకు ఫోను చేయకపోవడమే మంచిది. ఆరేడు వారాలైనా మార్కుల్లో కదలిక లేకపోతే, తిండి మానేస్తే, లేనివి కనిపిస్తున్నాయీ వినిపిస్తున్నాయీ అంటే మాటలతో సరిపెట్టకుండా మానసిక వైద్యుణ్ని స్వయంగా కలవాలి. మందులు అవసరమైతే పక్షవాతానికి వాడుతున్న మందుల చీటీ ఆయనకు తప్పక చూపించాలి. రక్తం పల్చబరిచే మాత్రలతో కొన్ని కుంగుబాటు మందులు కలిస్తే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. మూతి మళ్లీ వంకరపోవడం, చెయ్యి జారిపోవడం, మాట తడబడటం ఉన్నట్టుండి వస్తే మాత్రం వీడియో కాల్ కాదు, 108.

ఇంకొకరు మిగిలిపోయారు. రాత్రి రెండింటికి లేచి పక్క మార్చేది, తిట్లు పడేది, మొక్కులు మొక్కేది... ఆ ఇల్లాలు. పక్షవాతం రోగులను చూసుకునేవాళ్లలో కూడా కుంగుబాటు చాలా ఎక్కువ. ఆవిణ్ని ఎవరూ అడగరు, అడిగినా 'నాకేంటి, నేను బాగానే ఉన్నా' అంటుంది. ఆ ఫోను, ఆ స్టాండు, ఆ నంబరు ఆవిడకూ పనికొస్తాయి. ఆయన పడుకున్న వేళ చూసి, వారానికో అరగంట. ఆ అరగంటా ఆయన పక్కన కూర్చోవడానికి ఇంట్లో ఇంకొకరిని ముందే ఒప్పించి పెట్టాలి, లేకపోతే ఆవిడ మధ్యలోనే లేచి వెళ్లిపోతుంది.